పెద్ద ఫిడేలుకి గుర్రం

కోడంబాకం, మద్రాసు
20-9-1953

తమ్ముడు సాలమోనుకి అన్నయ్య దానియేలు దీవెనలు.

వరదలో గుడిసె పోయినా మీరు ముగ్గురూ ప్రాణాలతో ఉన్నారని బడి టీచరు సుందరమ్మగారు కార్డు రాశారు. అది అందేదాకా నాకు ముద్ద దిగలేదు. అమ్మ జ్వరం తగ్గిందా? నాన్న ఏటిగట్టు మీద తడిసి తడిసి దగ్గు తెచ్చుకున్నాడట గదా, ఎలా ఉంది? ఇక్కడ నేనూ మీ వదిన సత్యవేణీ కులాసా.

కులాసా అని రాయడం చేతికి అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే నా పెద్ద ఫిడేలు గుర్రం విరిగింది. నువ్వు ఆ వాద్యం ఎప్పుడూ చూడలేదు కాబట్టి చెబుతున్నాను. మనిషంత ఎత్తుంటుంది, నిలబడి వాయిస్తాం. పొట్ట మీద నాలుగు లావుపాటి తీగలు. ఆ తీగల్ని పైకెత్తి పట్టుకునే జానెడు చెక్కని గుర్రం అంటాం. మేకు ఉండదు, జిగురు ఉండదు. తీగల బిగువే దాన్ని రెండు కాళ్ళ మీద నిలబెడుతుంది. తీగ పలికిందంటే ఆ పలుకు గుర్రం కాళ్ళలోంచే పొట్టలోకి దిగాలి. గుర్రం లేనిదే అది ఫిడేలు కాదు, తీగలు చుట్టిన పెట్టె.

మౌంటు రోడ్డు కొట్లో సీమ చెక్క గుర్రం దొరుకుతుంది. ధర విని గుమ్మం దాటి వచ్చేశాను, మా గది రెండు నెలల అద్దె దానికే పోతుంది. ఇక్కడి వడ్రంగి టేకుతో ఒకటి చేసిచ్చాడు. నిలబడింది కాని పలకలేదు. గోనెసంచి మీద గుద్దినట్టుంది. సినిమా స్టూడియోలో నాకు నెలజీతం లేదు, పిలిచిన రోజుకే కూలి. పాట పట్టే రోజున నా ఫిడేలు మూగపోతే నా చోట ఇంకొకడు నిలబడతాడు.

ఒక దారి ఉంది. బంగారరాజుగారి ధాన్యపు కొట్టులో, వాళ్ళ పెద్దన్నగారు కాకినాడ దొర సామాను వేలంలో కొన్న పెద్ద ఫిడేలు ఒకటి మూలన పడి ఉంది. చిన్నప్పుడు వాళ్ళింట పంకా లాగుతూ దాన్ని చూసే నాకీ పిచ్చి పట్టింది. మెడ విరిగింది, తీగలు లేవు. గుర్రం మాత్రం గుడ్డలో చుట్టి దాని నడుముకే కట్టి ఉంచారు. మంచి సీమ చెక్క. ఆయనకి అది పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు. నాన్నని వెంటబెట్టుకుని వెళ్ళి అడుగు. నాన్న మాట ఆయన తీసెయ్యరు.

ఆలస్యం చెయ్యకు.

నీ అన్న
దానియేలు


మొగలిలంక, రాజోలు తాలూకా
4-10-1953

అన్నయ్యకి,

కొత్త రాష్ట్రం వచ్చిందని రాజోలులో బాణసంచా కాల్చారు. ఆ వెలుగులో మన పేట గుడిసెలు కనిపించాయి, వాసాలే ఉన్నాయి, తాటాకు లేదు. రాష్ట్రం ఎవరికి వచ్చిందో అప్పుడు తెలిసింది.

నీ ఉత్తరం అమ్మకీ నాన్నకీ చదివాను. కులాసా వరకే చదివాను. గుర్రం సంగతి మింగేశాను. చదివి ఉంటే నాన్న ఆ పూటే తలపాగా తీసి చంకలో పెట్టుకుని ఆ లోగిలికి బయలుదేరేవాడు. పశువుల చావిడి పక్కన నిలబెడతారు మనల్ని, జ్ఞాపకం ఉందా? పంకా లాగిన చేతికి జ్ఞాపకం ఉండదేమో.

బంగారరాజు ఏం చేశాడో విను. వరదకి ఊడ్చిన చేలన్నీ కుళ్ళిపోయాయి. మళ్ళీ నారు తెచ్చి, తొడల లోతు బురదలో దిగి మనవాళ్ళే ఊడ్చారు. ఇప్పుడు గుమస్తా కామేశ్వరరావు చేత చాటింపు వేయించాడు: ఈ ఏడు పంట పలచన, అంచేత కోతకి కూలిగా కొలిచే గింజలు సగం. వరద ఆయన చేలోకే వచ్చిందా? మన పొయ్యిలోకి రాలేదా? కష్టజీవి కడుపు కూడా ఆయన తూముకట్టేనా, ఆయన మూసినప్పుడు మూసుకుని తెరిచినప్పుడు తెరుచుకోవడానికి?

మేము సంఘం పెట్టాం. నేను కార్యదర్శిని. పాత లెక్కన గింజలు కొలుస్తానని ఒప్పుకునేదాకా మొగలిలంకలో కొడవలి ఆడదు.

ఇందులో నాన్న ఎంతటివాడో నీకు తెలుసు. తొలి కొడవలి మన ఇంటిది. మన ఇంటి మగాడు మొదటి వరి పన కోసి గట్టు మీద పెడితే గాని ఇంకెవడూ చేలో కాలు పెట్టడు. పొరుగూరి కూలీలని తెచ్చినా దిగరు, దిగితే చెయ్యి తెగుతుందని భయం. మూఢనమ్మకమే, కాదనను. కాని ఇన్నేళ్ళూ రాజులకి చాకిరీ చేసిన మూఢనమ్మకం ఈ ఒక్క ఏడూ మన సంఘంలో చేరింది. నాన్న వాసాల సందులో కొడవలి దోపుతూ, "నువ్వు సదూకున్నోడివి, నీ మాటేరా" అన్నాడు. ఆయన అంత మాట నాతో ఎప్పుడూ అనలేదు.

ఇలాంటప్పుడు నన్ను వెళ్ళి వాడి గుమ్మంలో చెక్కముక్క అడుక్కోమంటావా?

నీ గుర్రం నేను పంపిస్తాను. వరదకి కూలిన బడి ద్వారబంధం పాత పనస. వడ్రంగి కామరాజు చేత చేయిస్తున్నాను. నీ విరిగిన గుర్రం కాగితం మీద పెట్టి చుట్టూ గీసి వెంటనే పంపు. శ్రామికుడి చేతిలో పుట్టిన గుర్రం అవుతుంది. దొర వేలంలో అమ్ముడైంది కాదు.

దీవెనలు వద్దు. సంఘం వాళ్ళలా అభివందనాలు పంపు, చాలు.

సాలమోను


కోడంబాకం
2-11-1953

ఒరేయ్ సాలమోనూ,

గుర్రం అందింది. గుడ్డ విప్పి చూసి మీ వదిన "పీట పంపేరేంటి మీ తమ్ముడుగారు?" అంది. నవ్వుకున్నాం. కామరాజుకి నా దండాలు చెప్పు, నునుపు బాగా తీశాడు.

కాళ్ళు అరగదీసి, పొట్టకి అతికేలా చేసి నిలబెట్టాను. తీగలు బిగించాను. మొదటిరోజు పలికింది. నువ్వు గెలిచావనుకున్నాను, ఉత్తరం కూడా మొదలుపెట్టాను. మర్నాటికి నడుం ఒంగింది. మూడోనాడు పాట పడుతుంటే మధ్యలో కిర్రుమంది. పల్లవి ఆపేశారు. అందరూ నావైపే చూశారు. మా వాద్యబృందం నాయకుడు, ఆయన మాట తీపి, వాత పెద్దది, "ఏమయ్యా డేనియల్, ఫిడేలు తెచ్చావా, ఎడ్లబండి తోలుకొచ్చావా?" అన్నాడు. నవ్వనివాడు లేడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఆ పూటే ఇంటికి పంపేవాడు.

పనస తప్పు కాదు, కామరాజు తప్పూ కాదు. ఆ చెక్క వీణకి పొట్ట అవుతుంది కాని ఇంత బిగువు మొయ్యలేదు. తీగల బరువు బస్తా ధాన్యమంత ఉంటుంది, అది పగలూ రాత్రీ దాని నెత్తి మీదే ఉంటుంది. సీమ చెక్క గట్టిది, అయినా తేలిక. అందుకే ధర.

ప్రస్తుతానికి ఆ టేకుదే నిలబెట్టి, మైకుకి దూరంగా, వెనక వరసలో నిలబడుతున్నాను. డిసెంబరు నెలాఖరుకి పెద్ద సినిమా బొమ్మ ఒకటి మొదలవుతుంది. ఈలోగా ఫిడేలు బాగుచేసుకుంటే చోటు నాది, లేకపోతే క్లబ్బులో వాయించే ఆంగ్లో ఇండియన్ ఒకతను సిద్ధంగా ఉన్నాడు. ఈ మాట నాయకుడు నాతో మొహం మీదే చెప్పాడు.

ఇంకోటి. మీ వదినకి నెల తప్పింది. అమ్మకి ఇది చదువు.

నీ పంతాలు నాకు తెలుసు. నేను నీకంటే ముందు అవి పట్టినవాణ్ణే. వెళ్ళి అడగరా. రెండు మాటలు అడిగితే నోరు అరిగిపోదు.

దానియేలు


మొగలిలంక
14-11-1953

అన్నయ్యకి,

వదిన సంగతి అమ్మకి చదివాను. అమ్మ ఏడ్చింది, తరువాత పేటంతా తిరిగి చెప్పింది. నాన్న ఏటి ఒడ్డుకి పోయి చేపలు పట్టుకొచ్చాడు.

నువ్వు అడిగావు కాబట్టి విచారించాను. ఆ కొట్టులో ఉన్న ఫిడేలుని చెద తినేసింది. గుర్రం ఆనవాలు కూడా లేదు. ఇక ఆ మాట ఎత్తకు.

నీ నాయకుడు నిన్ను ఎడ్లబండి అన్నాడని రాశావు. నువ్వు నవ్వానని కూడా రాశావు. ఆ రెండో వాక్యం చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ కూడా అంతే, కామేశ్వరరావు మనవాళ్ళని పేరు పెట్టి వెక్కిరిస్తాడు, మనవాళ్ళు పళ్ళికిలిస్తారు. నిన్న మాత్రం నేను ఇకిలించలేదు. వాడు గట్టు మీద నన్ను ఆపి, "ఏరా కార్యదర్శీ, కోత ఎప్పుడంట?" అన్నాడు. "గింజలెప్పుడంటే అప్పుడండి" అన్నాను. "నీకెంత కావాలో చెప్పు, నీ ఒక్కడికీ పాత లెక్కే కొలిపిస్తాను" అన్నాడు. "నేనొక్కణ్ణీ అంత చేనూ కొయ్యలేనండి, మీరూ ఓ చెయ్యెయ్యండి, కొడవలి నేనిత్తాను" అన్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. వాడి మొహం చూడాల్సింది.

ఆ మద్రాసులో నీకేం పని? వచ్చెయ్. విరిగిన ఫిడేలుతోనే రా. మా సభల్లో నువ్వు ఆ లావు తీగ ఒక్కటి మీటితే చాలు, వెయ్యి మంది లేచి నిలబడతారు. అక్కడ పల్లవి ఆపేస్తారు. ఇక్కడ ఎవడు ఆపుతాడో చూస్తాను.

దీనితో రెండు కరపత్రాలు పంపుతున్నాను. చదివి వదినకి కూడా చెప్పు.

సాలమోను


కోడంబాకం
5-12-1953

బడి టీచరు సుందరమ్మగారి ద్వారా
మా నాన్న యేసోబుగారికి

నాన్నా, దానియేలు నమస్కారాలు.

ఈ ఉత్తరం సాలమోను ఇంట్లో లేనప్పుడు చదివి వినిపించమని టీచరుగారిని వేడుకుంటున్నాను. వాడి మీద నాకు కోపం లేదు. వాడు రాసినదాంట్లో ఒక మాట నాకు నమ్మబుద్ధి కాలేదు, అంతే.

నా ఫిడేలుకి చెక్క గుర్రం ఒకటి కావాలి. అది లేకపోతే నాకు ఇక్కడ పని లేదు. బంగారరాజుగారి ధాన్యపు కొట్టులో పెద్ద ఫిడేలు నడుముకి గుడ్డలో చుట్టి కట్టి ఉండేది. ఉందో లేదో మీరు కళ్ళారా చూడండి. ఉంటే అడగండి. కాళ్ళు పట్టుకోమనను. అడగండి చాలు. వెల కట్టమంటే నెలనెలా పంపుకుంటాను.

అక్కడ కోత గొడవ నడుస్తోందని సాలమోను రాశాడు. గొడవ వేరు, ఇది వేరు. మీ మీద రాజుగారికి ఎప్పటి నుంచో మంచి ఉంది గదా.

మీ కోడలికి వాంతులు తగ్గాయి. మామిడికాయ కావాలంటోంది, ఈ రుతువులో ఎక్కడ తెచ్చేది?

మీ కొడుకు
దానియేలు


కొత్తపేట
19-12-1953

అన్నయ్యకి,

సభ కోసం వచ్చి వారం నుంచి ఇక్కడే ఉన్నాను. మన ఊరి మాట చెబితే చప్పట్లు కొట్టారు! "తొలి కొడవలి పట్టని మొగలిలంక" అని ఆలమూరు నుంచి వచ్చిన ఒక ముసలాయన నన్ను కావలించుకున్నాడు. చేలు పండి ఒరిగిపోతున్నాయి. ఇంకొన్నాళ్ళు ఆగితే గింజ రాలుతుంది. బంగారరాజు దిగి రాక తప్పదు. మొన్న పొరుగూరి నుంచి బండ్ల మీద కూలీలని తెచ్చాడట. గట్టు మీద కూర్చుని, "యేసోబు రానీండి" అని చుట్టలు కాల్చుకుని వెళ్ళిపోయారట.

క్రిస్మస్ పండగకి ఇంటికి వెళతాను. నీ ఉత్తరం రాలేదేం? చెద సంగతికి అలిగావా?

సాలమోను


మొగలిలంక
28-12-1953

దానియేలుకి,

చెప్పడానికి సిగ్గుగా ఉంది. నీకు చెప్పక ఎవరికి చెప్పను?

పండగ వెళ్ళిన మర్నాడు పొద్దున్నే నాన్న దోపిన చోటి నుంచి కొడవలి తీసుకుని బంగారరాజు చేలోకి వెళ్ళాడు. ఒక్కడే. మొదటి పన కోశాడు. గట్టు మీద పెట్టాడు. గట్టు వెనక బండ్ల మీద కూలీలు సిద్ధంగా ఉన్నారు. నాన్న పన పెట్టీ పెట్టగానే దిగేశారు. మేము పరుగెత్తుకెళ్ళేసరికి సగం మడి ఖాళీ. మనవాళ్ళలో కొందరు నా మొహం చూశారు, మడి చూశారు, ఇంటికి పోయి కొడవళ్ళు తెచ్చుకున్నారు. పస్తులు పడి ఉన్నారు, వాళ్ళని ఏమనను? సగం గింజలకే కోస్తున్నారు.

"ఎందుకు చేసేవు?" అని అడిగాను. నాన్న కొడవలి తుడుచుకున్నాడు. అమ్మ ఏదో చెప్పబోతే "నువ్వూరుకో" అన్నాడు. ఎంతకి అమ్ముడుపోయాడో!

ఆ సాయంత్రం ప్రార్థన గుడి ముందు సంఘం కూర్చుంది. నేను కార్యదర్శిని. తీర్మానం నేనే రాశాను. యేసోబు పక్కన ఎవరూ కోత వరసలో నిలబడకూడదు. ఆ ఇంటికి నిప్పు, ఉప్పు ఇవ్వకూడదు. "నీ అబ్బని కూడానా?" అని ఎవరో అన్నారు. "అబ్బయినా అంతే" అన్నాను. నిలబడి గట్టిగా చదివాను. ఆయన గుంజకి ఆనుకుని మొదటి నుంచీ చివరిదాకా విన్నాడు. చదవడం అయ్యాక నేను ఆయన వైపు చూశాను. ఆయన మాత్రం కాగితం వైపే చూస్తున్నాడు.

నేను కామరాజు వసారాలో పడుకుంటున్నాను. ఆ ఇంట్లో అడుగు పెట్టను.

సాలమోను


కోడంబాకం
1-1-1954

సాలమోనూ, నాన్నా, అమ్మా, అందరికీ!

కొత్తపేట నుంచి రాసిన తరువాత నీ ఉత్తరం ఏదీ అందలేదు, అయినా ఆగలేక రాస్తున్నాను. గుర్రం వచ్చింది! మొన్న సాయంత్రం, పార్సెల్ మీద కామేశ్వరరావుగారి దస్తూరీ. లోపల ఆ పాత గుడ్డే, మీ అందరి కంటే నేను ముందు చూసిన గుడ్డ. చెద మచ్చ ఒక్కటి లేదురా అబద్ధాలకోరు! కోపం లేదులే. కాళ్ళు కాస్త అరగదీస్తే నా ఫిడేలుకే చేసినట్టు కూర్చుంది. నిన్న ఆ పెద్ద బొమ్మకి మొదటి పాట. నేను మీటగానే మా నాయకుడు తల ఎత్తి చూశాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే గొప్ప. తరువాత మనిషిని పంపి ముందు వరసలోకి రమ్మన్నాడు. ఈ బొమ్మ అయ్యేదాకా చోటు నాది. బిడ్డ పుట్టేదాకా ఇక బెంగ లేదు.

నాన్నా, మీరు వెళ్ళి అడిగారు, నాకు తెలుసు. రాజుగారు వెల ఏమైనా చెప్పారా? పార్సెల్లో చీటీ లేదు. నాకు రాయించండి, నెలనెలా తీర్చేస్తాను.

దానియేలు


మొగలిలంక
6-1-1954

అన్నయ్యా,

నీ ఉత్తరం నేను కామరాజు వసారాలో చదివాను. చదివి సుందరమ్మగారి ఇంటికి వెళ్ళాను. ఆవిడ ముందు చెప్పనన్నారు. తరువాత చెప్పారు. నువ్వు ఆవిడ ద్వారా రాసిన ఉత్తరం నేను కొత్తపేటలో ఉండగా వచ్చిందట. నాన్న దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడట. "ఉత్తరం చూపిత్తే నమ్ముతారండి, మీరూ రండి" అని ఆవిడని వెంటబెట్టుకుని రాజుగారి లోగిలికి వెళ్ళాడట. ఆవిడ విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"ఏరా యేసోబూ, సంఘం పెట్టేవంట?"

"నేనేటి పెడతానండి, పిల్లలండి."

"మరేటిలా వచ్చేవు?"

"మా పెద్దోడికండి, మదరాసులో, ఫిడేలుకి గుర్రం ఇరిగిపోయిందంటండి. మన కొట్లో ఉందంటండి."

"ఓస్, అదా! చెక్కముక్క. దాని కోసం ఇంత దూరం నడిచేవా? నేనే పార్సెల్ కట్టించి పంపిస్తాలే. వెలా అక్కర్లేదు, పాడూ అక్కర్లేదు. పండగెళ్ళిన మర్నాడు ఓసారి చేలోకొచ్చి ఏటేటా చేసే పని చేసేసి పో. కొత్తదేం అడగలేదు గదా?"

నాన్న చంకలో తలపాగా తీసి విప్పి మళ్ళీ మడిచాడట. టీచరుగారు "పోదాం పద యేసోబూ" అన్నారట కూడా. అప్పుడు నాన్న "ఆయ్" అన్నాడట.

నేను ఇంటికి వెళ్ళాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది, పొయ్యిలో నిప్పు లేదు. నిప్పు ఇవ్వొద్దని నేనే కదా రాశాను. నాన్న తాటాకు చీలుస్తున్నాడు.

"అన్నయ్యకి గుర్రం కావాలని నాతో ఒక్క మాట చెబితే ఏమయ్యేది?" అని అడిగాను. అరిచాను అనుకుంటాను.

ఆయన తల ఎత్తలేదు.

"నువ్వు సదవలేదు గదరా" అన్నాడు.

ఇంకేమీ రాయలేను.

సాలమోను


కోడంబాకం
11-1-1954

తమ్ముడూ,

నీ రెండు ఉత్తరాలూ నా ముందు ఉన్నాయి. డిసెంబరుది ఆలస్యంగా వచ్చింది, నేను సంతోషంతో రాసింది పోస్టులో పడిన మర్నాడు.

మీ గొడవ వేరు, ఇది వేరు అని నాన్నకి రాసింది నేను. తొలి కొడవలి సంగతి నువ్వు నాకు ముందే రాశావు. నేను చదివాను. చదివి కూడా పక్కన పెట్టాను. రాజుగారు ఏమీ అడగకుండా ఇచ్చే మనిషి కాదని పంకా లాగినవాడికి తెలియదా? తెలియనట్టు ఉండిపోయాను. నువ్వు నాన్నకి కొంత చదవలేదు, నేను నాకు నేనే కొంత చదువుకోలేదు.

నిన్న గుర్రం ఊడదీసి అదే గుడ్డలో చుట్టాను. తిప్పి పంపేద్దామని. బంగారరాజుగారి పేరు రాశాను. మీ వదిన కడుపు మీద చెయ్యి వేసుకుని చూస్తూ కూర్చుంది. పంపితే కోసిన పన మళ్ళీ మొక్కవుతుందా? పొద్దున పాట ఉంది. మళ్ళీ విప్పాను. నిలబెట్టాను. వెళ్ళాను. బాగా వాయించానని అందరూ అన్నారు.

నాకు తిట్టు రాయి. లేదా పంపెయ్యమని రాయి. నువ్వు ఏది రాస్తే అది చేస్తాను, ఒట్టు. నీ ఉత్తరం వచ్చేదాకా మాత్రం వాయించక తప్పదు.

దానియేలు


మొగలిలంక
17-1-1954

అన్నయ్యకి,

పంపకు. పంపితే వాడు దాన్ని మళ్ళీ కొట్టులో పెట్టుకుంటాడు, ఇంకో ఏడు ఇంకో ఇంటికి చూపిస్తాడు. నీ దగ్గరే ఉంచు. వాయించు. నిన్ను తిట్టాలని కూర్చుని మూడు కాగితాలు చింపాను.

సంఘం తప్పని నేను అనను. గింజలు సగం కొలవడం దోపిడీ, ఇవాళ కూడా అదే అంటాను, రేపు మళ్ళీ కరపత్రం పట్టుకుని అదే అంటాను. తీర్మానంలో రాసిన మాటలు కూడా తప్పని అనను. ఊళ్ళో ఎవడు చేసినా ద్రోహానికి పేరు అదే. ఆయన పేరు యేసోబు కావడమొక్కటే నాకు మింగుడుపడటం లేదు.

నిన్న సంఘం వాళ్ళతో, తీర్మానం కొట్టెయ్యమని అడిగాను. "నువ్వే రాసి నువ్వే కొట్టేత్తావా? మీ ఇంటికో లెక్కా, మా ఇళ్ళకో లెక్కా?" అన్నారు. వాళ్ళు అన్నది న్యాయం. కార్యదర్శి పని వదిలేశాను. కాగితాలు, కరపత్రాలు కామరాజుకి ఇచ్చాను. అతనికి చదువు రాదు, భద్రంగా ఉంచుతానన్నాడు.

పల్లపు మళ్ళలో కోత ఇంకా మిగిలింది. ఇవాళ పొద్దున నేనూ కొడవలి తీసుకుని వెళ్ళాను. మనవాళ్ళంతా ఒక వరస. వాళ్ళకి చాలా దూరంగా, మధ్యలో కొయ్యని చేను అంతా వదిలేసి, నాన్న ఒక్కడూ ఒక వరస. ఒంగి కోస్తున్నాడు, దగ్గుతున్నాడు, కోస్తున్నాడు. గట్టు మీద కామేశ్వరరావు గొడుగేసుకుని నిలబడి ఉన్నాడు.

నేను వెళ్ళి నాన్న పక్కన నిలబడ్డాను. అందరూ కొయ్యడం ఆపి చూశారు. వరసలో ఎవరో "అదుగో కార్యదర్శిగారు!" అన్నారు. ఒంగి నాలుగు దుబ్బులు కోశాను. నాన్న చెయ్యి ఆగింది. నా కొడవలి చూశాడు, నన్ను చూడలేదు. "తప్పు పట్టేవురా, ఏళ్ళు తెగుతాయి" అన్నాడు. నా చేతిలో పిడి సరిచేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. తన పన తీసి గట్టు మీద పెట్టాడు. తువ్వాలు దులుపుకుని, గట్టు దాటి, అవతలి మడిలోకి దిగి, మళ్ళీ ఒక్కడే ఒంగాడు.

ఆయన వదిలిన వరస సాయంత్రం దాకా నేను కోశాను.

సాలమోను